వీధి చివర పడుగు

నర్సమ్మత్తా,

చదవడానికి నువ్వు లేవు గనకే రాయగలుగుతున్నాను.

ఈరోజు ఆఫీసులో కంప్యూటర్‌ను పరీక్షించాను. అందులో నాలుగు ప్రాసెసర్లకు తాళం ఒక్కటే. అది అందిన ప్రాసెసరే పని చేసుకోవాలి, మిగతావి ఆగాలి. మొత్తం పని బాగా జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. విడివిడిగా చూస్తే, తాళానికి దగ్గరున్నది వదిలిన వెంటనే మళ్లీ తనే అందుకుంటోంది. దూరాన ఉన్నది ఎదురుచూస్తూనే ఉంది.

అరవైలలో మన నేతవాళ్ల వీధి గుర్తొచ్చింది. పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, వీధిలో చాపి గంజి పెట్టడం ఎండ ముదరకముందే కావాలి. ఒకసారి ఒక్క పడుగుకే చోటు. వీధి మొదట్లో ఉన్న మా బాపు ఒక పడుగు తీసి వెంటనే ఇంకొకటి చాపేవాడు. నువ్వు చివర నిలబడి, "కానియ్యన్నా, నేను జర ఆగి ఏసుకుంట" అనేదానివి. నీ వంతు వచ్చేసరికి ఎండ ముదిరి, నీ పోగులు పటపటా తెగేవి.

ప్రాసెసర్లు వచ్చిన వరుసలోనే వాటికి తాళం దొరికేలా మార్చాను. మొత్తం మీద జరిగే పని కాస్త తగ్గింది. ఎందుకు మార్చావని అడిగారు.

మాది వీధిలో మొదటి ఇల్లని చెప్పలేకపోయాను.