ఎడమకు గుంజే కారు

సంధ్య బాపూ,

నేను పనికి ఆటోల పోతున్న. నువ్వు కారు తియ్యకు. పొద్దుగాల పాలకు తీస్కపోతే ఊకె ఎడమ దిక్కే గుంజింది, స్టీరింగు జర వదిలితే రోడ్డు పక్క మోరీల పడేటట్టున్నది. పంచర్లేసే ఆయనకు ఫోన్ చేసిన. ముందటి టైర్ల ఒకదాంట్ల గాలి తగ్గితే బండి గా దిక్కే పోతదట. లేసినంక ఆయనను పిలిచి చూపెట్టు.

నిన్న జగిత్యాల దవాఖాన నుంచి సంధ్యను, మనుమరాలిని గీ కార్లనే తెచ్చినవు. పసిగుడ్డు ఇల్లు చేరేదాక తొవ్వల ఎక్కడ ఆపద్దని నేనే పట్టువట్టిన. గందుకే నువ్వు గాలి కొట్టిచ్చుకోను సుత ఆపలేదని ఇప్పుడు సమజైంది. నీళ్ల సీసా ఇస్తే చెయ్యి చాపలేదని, మాట్లాడిస్తే పలుకలేదని నేను ఇంటికచ్చేదాక మూతి ముడుచుకున్న. పాల దుకాణం దాక పోయస్తెనే నా రెక్కలు గుంజినయి. నువ్వు సిరిసిల్లల మన ఇంటి దాక స్టీరింగు గట్లనే పట్టుకొని అచ్చినవు. తల్లీబిడ్డలు తొవ్వంత నిద్రవోయిండ్రు.

బామ్ దిండు పక్కన పెట్టిన, రెక్కలకు రాస్కో.

వసంత

గీ ముచ్చట సంధ్యకు నువ్వు చెప్పవు, నాకెరికే. పొద్దుమీకి పని నుంచి అచ్చి నేనే చెప్త.