మావయ్య భోజనానికి వస్తున్నాడు

బరంపురం,
సోమవారం.

ఛత్రపూర్ లాయరు జానకీరామయ్య గారికి నమస్కారాలు.

ఫోనులో పిల్లలకు వల వేసేవాళ్ల మీద చట్టం ఇంకా గట్టిపడాలని మీరు మా కాలేజీలో చెప్పారు. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

మా చెల్లెలు అన్వితకు పదకొండేళ్లు. ఫోను ఆటలో పరిచయమైన ఒకతను మూడు నెలలుగా దానితో మాట్లాడుతున్నాడు. ముఖం చూపించడు. ఒడియా మాట్లాడే ఈ ఊళ్లో మన వైపు తెలుగు వినిపిస్తే మా అమ్మకు ప్రాణం లేచొస్తుంది. అతన్ని మావయ్య అని పిలవమంది. అమ్మకు చదువు రాదు. అతను రాసేవాటిలో చెల్లెలు కొన్నే చదివి వినిపిస్తుంది. నేను అన్నీ చదివాను. "ఇది మీ అమ్మకి సెప్పకు," "గోపాల్‌పూర్ సముద్రం కాడికి ఒక్కదానివే రాగలవా?" అని ఉన్నాయి. ఇంకా ఉన్నాయి, బూతులు కావు గానీ అవి ఇక్కడ రాయలేను.

పోలీసు స్టేషనుకు వెళ్లాను. బూతు మాట ఒక్కటీ లేదు, ఏమైనా జరిగితే రమ్మన్నారు. జరిగాక నేనెందుకు వెళ్లాలండీ?

ఈ సంగతి చెబితే అమ్మ నన్నే కసిరింది. "సదువుకున్నావని అందరూ దొంగల్లాగ కనబడతన్నారేటే నీకు? పరాయోడికి మన మాట ఇంత సక్కగా వస్తాదేటి?"

నిన్న అమ్మే, వచ్చే ఆదివారం భోజనానికి రమ్మని చెల్లెలి చేత మా చిరునామా పంపించింది. అతను ఒక్కటే అడిగాడు: "అక్క ఇంట్లో ఉంటాదా?"

ఆ రోజు నాకు ఉద్యోగ పరీక్ష. ఉండదని అమ్మ రాయించింది.

పరీక్షకు నేను వెళ్లను. మీరు ఏదైనా సెక్షను వెతకండి. దొరక్కపోతే, పెద్దవారు, ఆ పూట మా ఇంటికి వచ్చి కూర్చోండి.

ఇట్లు,
అన్విత అక్క.