నా చేతులతో కట్టిన ర్యాంపు

జూలై 1, ఉదయం 6
ఈ టర్మంతా ఆర్కిటెక్చర్ పాఠం క్లాసులో చెప్పను. కాలేజీ వెనక వీధిలో చిన్న ఆసుపత్రి ఉంది. దాని మెట్ల పక్కన మా విద్యార్థులతో కలిసి ర్యాంపు కడతాను. నియమాలు రెండే. జనం చెప్పింది వినాలి. నేను నోరు మూసుకుని చేతులతో పని చేయాలి. పాతికేళ్ల ఉపన్యాసాలకు సెలవు!

జూలై 3
ఆసుపత్రి ఎదుట బట్టలు కుట్టే టైలరమ్మను కలిశాం. ఆమె అత్తగారికి మోకాళ్ల నొప్పులు. వారం వారం చంకలో చేతులేసి ఏడు మెట్లూ ఎక్కించాలి.
"పెద్దగా ఏమొద్దు సారూ. కాస్త వాలు, పట్టుకోడానికో పైపు. మా అత్తయ్య తనంతట తాను ఎక్కితే చాలు."
రాసుకున్నాను. ఎంత సులువు!

జూలై 8, ఉదయం 11
జనంతో సమావేశం. జనం రాలేదు. పనివేళ ఎవరొస్తారు? పిల్లలకే తలో పాత్ర ఇచ్చాను. అత్తగారి పాత్ర నాది. ర్యాంపు నున్నగా, మలుపులతో ఉండాలని అత్తగారిగా నాకనిపించింది. ఏకగ్రీవ ఆమోదం.

జూలై 15
సిమెంటు కలిపాను! పది నిమిషాలు. బొబ్బ ఒకటి, ఫోటోలు నలభై. తాపీమేస్త్రి నవ్వాడు. చేతిపని గొప్పతనం అతనికి ముప్పావుగంట వివరించాను. ఈలోగా సిమెంటు బిగుసుకుపోయింది.

జూలై 24
పూర్తి! అద్దంలా మెరుస్తోంది. పైపు పెట్టలేదు, అందం చెడుతుంది. "పైపేదండీ?" అంది టైలరమ్మ. రెండో దశలో వస్తుందన్నాను. రెండో దశంటూ ఏమీ లేదు.

జూలై 25
అత్తగారు కాలు పెట్టింది. జారి కూలబడింది. దెబ్బ తగల్లేదు, అదృష్టం.
"నువ్వోసారి ఎక్కి చూశావా నాయనా?" అంది.
తప్పు వానది. కొంత చెప్పులది.

జూలై 28
వేరే ఊళ్లో సదస్సు. నా అంశం: 'చేతులతో నేర్చుకోవడం'. ర్యాంపు ఫోటోకి చప్పట్లే చప్పట్లు.

ఆగస్టు 6, సాయంత్రం
తిరిగొచ్చి చూద్దును కదా, పిల్లలూ మేస్త్రీ కలిసి నా ర్యాంపు పగలగొట్టేశారు! గరుకుగా మళ్లీ పోసి, రెండు వైపులా పైపులు బిగించారు. అత్తగారు ఒక్కతే ఎక్కింది. పైనుంచి కోడలితో, "నువ్వెళ్లి మిషను చూసుకో" అంది. టైలరమ్మ అక్కడే నిలబడి ఏడ్చేసింది.
నేను లేని ఈ కొద్ది రోజుల్లో పిల్లలు నేర్చుకున్నంత నా దగ్గర ఎన్నడూ నేర్చుకోలేదు. సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది.
"పక్కవీధి బడికీ ఒకటి కట్టాలట సారూ. రేపు ఏడింటికి రండి, ఇసుక జల్లిద్దురుగాని" అన్నాడు మేస్త్రి.
వెళ్తాను. ఈసారి ఒక్క మాట మాట్లాడను. జల్లెడ, నేను, అంతే.
మొదట్లో మాత్రం ఇసుక గురించి చిన్న పరిచయం. పది నిమిషాలే. స్లైడ్లు తయారయ్యాయి.