చిన్నమామ్మ వైపు కాయలు

ఏలూరు

శ్రీవిద్యకు మామ్మ ఆశీస్సులు.

బుర్ర మందగించకుండా ఏదో ఒక ఆట ఆడమని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి నా తోడికోడలు, అదే మీ చిన్నమామ్మా నేనూ రోజూ పచ్చీసు ఆడేవాళ్లం. "లెక్కల్లో మీరు గట్టేనండీ అక్కయ్యా, ఆటలో మాత్రం మెత్త" అనేది. ఆవిడ పోయాక రెండు వైపులా నేనే ఆడుతున్నాను.

ఈ మధ్య మజ్జిగ తాగి వచ్చేసరికి ఆవిడ కాయల్లో రెండు ఒకే గడిలో జంటగా ఉంటున్నాయి. ఆవిడ అలాగే ఆడేది, నేను ఆడను. జరిపినట్టు గుర్తూ లేదు.

ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి వచ్చి, పక్కన కూర్చుని మాట్లాడకుండా చూడు. జరిపింది నా చెయ్యే అయితే డాక్టరు దగ్గరికి వస్తాను. కాకపోతే మీ నాన్నతో అనకు. వాడు భయపడి పచ్చీసు గుడ్డ తీయించేస్తాడు. అప్పుడు ఆవిడకు కూర్చునే చోటుండదు.

మామ్మ