మలుపు దగ్గర అయిదో దీపం

ప్రియమైన బాబాయికి,

ఫోనులో ఎంత అరిచినా నీకు వినబడదు. పిన్నిచేత చెప్పిస్తే సగం మాటలు వంటింట్లోనే ఆగిపోతాయి. అందుకే ఉత్తరం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

తనిఖీకి వెళ్ళే పన్నెండు మందికీ టార్చిలు ఎంచే పని నా నెత్తిన పడింది. పాతవి తడిస్తే ఆరిపోతున్నాయి, నాలుగు మొట్టికాయలు వేస్తే వెలుగుతున్నాయి. మూడు రకాలు తెప్పించాను. ఒకటి ఇనుప దిమ్మలాంటిది. ఏనుగు తొక్కినా పగలదుట, ఖరీదూ ఏనుగంతే ఉంది. రెండోది అల్యూమినియంది, గుప్పిట్లో ఇమిడిపోతుంది. మూడోది ప్లాస్టిక్‌ది, బాగా చవక. ఒక్కొక్కదాన్నీ భుజం ఎత్తునుంచి సిమెంటు నేలమీద పదేసిసార్లు పడేశాను. ఒక షిఫ్టంతా బకెట్ నీళ్ళలో ముంచి ఉంచాను. చేతికి తొడుగులు వేసుకుని స్విచ్చి నొక్కి చూశాను. నన్ను చేసుకునేముందు ఇన్ని పరీక్షలు పెట్టలేదు, బతికిపోయాను అన్నాడు మా ఆయన.

చివరి పరీక్ష నువ్వు పనిచేసిన సొరంగంలో. ఫ్యాక్టరీకి నీళ్ళు మోసే ఆ సొరంగాన్ని ఏటా తనిఖీకి ఎండగడతారు కదా, ఇప్పుడు ఎండగట్టి ఉంది. పద్ధతి నీ కాలంనాటిదే. చీకట్లో మొహాలు తెలియవు కాబట్టి గేటు దగ్గర మనిషి దీపాలే లెక్కపెడుతుంది. ఎన్ని లోపలికి వెళ్ళాయో అన్నీ బయటికొస్తే, ఆఖరి రోజున గంట కొడుతుంది. తలుపు మూసి నీళ్ళు వదులుతారు.

నలుగురం వెళ్ళి, మలుపు దాకా నడిచి తిరిగొచ్చాం. గేటావిడ వేలు ఆడిస్తూ లెక్కపెట్టింది. “నాలుగు పంపాను, అయిదొస్తున్నాయి. లోపల పిల్లల్ని పెడుతున్నాయా మీ దీపాలు?” అంది. అందరం నవ్వాం. వెనక్కి తిరిగి చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు. ఆవిడ మాత్రం నవ్వలేదన్న సంగతి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది.

ఏది కొనమంటావు?

నీ సందేహాల పుట్ట,
అమ్మలు

*

ప్రియమైన అమ్మలూ,

మోకాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, నేనే ఎక్కడికీ వెళ్ళడం లేదు.

ఇనుపదే కొను. పన్నెండు రాకపోతే నాలుగే కొను, వంతులు వేసుకుని వాడుకుంటారు. చవక టార్చి ఏం చేస్తుందో నాకు తెలుసు. పొడుగాయన నీకు గుర్తుండే ఉంటాడు. నాతో వచ్చే ఫిట్టరు, చిన్నప్పుడు నిన్ను భుజాలమీద ఎక్కించుకుని తిప్పేవాడు. ఇద్దరం బయటికొచ్చాక, మరిచిపోయిన స్పానరు కోసం ఎవరికీ చెప్పకుండా మళ్ళీ లోపలికి వెళ్ళాడు. టార్చి ఆరిపోయింది. దారి తెలియలేదు. ఈలోగా నీళ్ళొచ్చాయి. ఇరవై నాలుగేళ్ళయింది.

మలుపు దాటి ఎవరూ వెళ్ళకూడదని ఆ ఏడే నేను నియమం రాసిపెట్టాను. దాన్ని తప్పకు. గేటావిడ లెక్క సంగతి ఇంకెవరితోనూ అనకు. మళ్ళీ అలా జరిగితే వెనక్కి చూడకు తల్లీ, తిన్నగా వచ్చెయ్యి.

ఆశీస్సులతో,
బాబాయి

*

ప్రియమైన బాబాయికి,

నీ మాట వినలేదు. కోప్పడకు, ముందు చదువు.

మూడు టార్చిలతో మలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్కటీ అవతలికి వేసి చూశాను. ప్లాస్టిక్‌దాని వెలుతురు పది అడుగులకే నీరసపడింది. ఇనుపదానిది గోడలన్నిటిమీదా పరుచుకుంది గానీ దూరం పోలేదు. అల్యూమినియందాని వెలుతురు సన్నగా సూదిలా వెళ్ళింది. చాలా దూరంలో ఏదో వెలిగింది. నేను ఆర్పితే ఆరింది. వేస్తే వెలిగింది.

అద్దమేదో ఉండి ఉంటుందని నాకు నేనే చెప్పుకుంటూ నడిచాను. అద్దమే, బాబాయ్. గోడకున్న ఇనుప నిచ్చెనకి తీగతో కట్టిన పాత ఇత్తడి టార్చి, పచ్చగా చిలుము పట్టి ఉంది. మందపాటి అద్దం మాత్రం చెక్కుచెదరలేదు. దాని పక్కనే నిచ్చెనని గోడకి పట్టే బోల్టు, సగమే బిగించి ఉంది. ఆ బోల్టుకి స్పానరు ఇంకా తగిలించే ఉంది. రెండూ తుప్పుపట్టి ఒకటైపోయాయి.

టార్చి విప్పుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఆలోచన మొదలైంది. స్పానరు కోసం తిరిగి వెళ్ళినవాడు దాన్ని తీసుకుని వస్తాడు గానీ, టార్చి నిచ్చెనకి కట్టుకుని కూర్చుని బోల్టు బిగిస్తాడా? అతను అసలు బయటికి రానేలేదేమోనని నాకు అనుమానం. పాత రిజిస్టరు తీయించి చూశాను. ఆ రోజు గేటు మనిషి రాసింది, రెండు దీపాలు లోపలికి, రెండు దీపాలు బయటికి.

ఆ రెండో దీపం ఎవరిది, బాబాయ్?

ఇంకో సందేహం కూడా ఉంది. మొదటిరోజు మేం గేటువైపు నడిచొస్తున్నాం, మా వెలుతురు ముందుకే పడింది. మలుపు అవతల, వెనకెక్కడో ఉన్న అద్దం ఎలా మెరిసింది?

జవాబు కోసం చూస్తూ,
అమ్మలు

*

అమ్మలూ,

నాలుగు కాగితాలు చింపి ఇది అయిదోది.

రెండో దీపం నాదే. కంపెనీ టార్చి మీద నమ్మకం లేక నా డబ్బుతో ఇంకోటి కొనుక్కున్నాను. ఆ రోజు లోపలికి వెళ్ళేటప్పుడు అది జేబులోనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు అడుగున జారుడుగా ఉందని రెండు చేతుల్లోనూ చెరొకటి వెలిగించుకుని బయల్దేరాను. “నువ్వు నడు, ఈ ఒక్క బోల్టూ బిగించి నీ వెనకే వస్తా” అన్నాడు పొడుగు. నేను బయటికి రాగానే గేటు మనిషి “రెండు” అని గట్టిగా అరిచాడు. ఇప్పుడు ఏ మాటా వినబడని ఈ చెవుల్లో ఆ మాట మాత్రం ఇంకా స్పష్టంగా ఉంది.

నా చేతుల్లో రెండున్నాయని నాకు తెలుసు. గేటు మనిషితో చెప్పాలనే వెనక్కి తిరిగాను. మలుపు గోడమీద వెలుతురు కదులుతోంది, మనిషి నడిచి వస్తున్నట్టే ఉంది. వస్తున్నాడులే, లెక్క దానంతటదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. పైకెక్కి మొహం కడుక్కుంటున్నాను. గంట మోగింది.

తర్వాత ఒక టార్చి జేబులో దాచి, అడిగినవాళ్ళకి ఒకటే చూపించాను. స్పానరు కథ వాళ్ళే అల్లారు. నేను కాదనలేదు. వాడి అజాగ్రత్త అని రాశారు. వాడి భార్య ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తుంటే పక్కనే నిలబడ్డాను. మలుపు దాటొద్దన్న నియమం మీ అందరి క్షేమం కోసం రాశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

ఈ ఉత్తరాన్ని ఏం చేస్తావో నీ ఇష్టం.

బాబాయి

*

ప్రియమైన బాబాయికి,

నువ్వు ప్రియమైనవాడివి కావని రాద్దామని చాలాసేపు చూశాను, చెయ్యి రాలేదు.

అల్యూమినియంవే కొన్నాను. తడిసినా, పడినా వెలుగుతున్నాయి. ఒక్క ఇనుపదాని ఖర్చుకి మూడొచ్చాయి కాబట్టి పన్నెండు మందికీ తలా ఒకటి. ఎవరికీ రెండోది మోసుకెళ్ళే అవసరం ఉండకూడదు. ఇకనుంచి దీపాలు లెక్కపెట్టం. గేటు దగ్గర పేరు పేరునా పిలుస్తాం, పలికినవాడే బయటికొచ్చినట్టు.

గేటావిడ ఎవరో నిన్నటిదాకా నాకూ తెలియదు. పొడుగాయన కూతురు. ఆ గేటు ఉద్యోగమే కావాలని కోరి అడిగి చేరిందట. నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. ఏడవలేదు. వెలుతురు కదిలిందని నువ్వు రాసిన చోట మాత్రం మళ్ళీ చదవమంది. “కట్టేసిన దీపం ఎలా కదులుతుందమ్మా?” అంది. నువ్వు ఆ ఒక్క ముక్కా ఇంకా అబద్ధం చెబుతూ ఉండాలి, లేదా వెళ్ళిపోతున్న నిన్ను పిలవడానికి అతను తీగ విప్పి దీపం ఊపి, మళ్ళీ కట్టుకుని ఉండాలి. రెండిట్లో ఏది నిజమైతే నీకు నిద్ర పడుతుందో నాకు తెలియదు.

ఇవాళ పొద్దున ఆఖరి తనిఖీ. నలుగురం వెళ్ళాం. ఇత్తడి టార్చి నా బల్ల సొరుగులోనే ఉంది, లోపల మెరవడానికి ఏ అద్దమూ లేదు. తిరిగొస్తుంటే ఆవిడ ఒక్కొక్క పేరూ పిలిచింది, నలుగురం పలికాం. ఆవిడ మా భుజాల మీదుగా లోపలికే చూస్తూ నిలబడింది. “పేర్లు నాలుగూ అయ్యాయి. దీపాలు అయిదున్నాయి. గంట కొట్టమంటారా?” అని అడిగింది. మళ్ళీ వెనక్కి తిరిగి చూశాను. ఈసారి ఉత్త చీకటి కాదు.

కొట్టొద్దన్నాను.

సోమవారం మధ్యాహ్నం నీళ్ళు వదలాలి, అంతకుమించి ఆపడం నా చేతుల్లో లేదు. ఈలోగా నువ్వు రావాలి. ఆ అయిదో పేరు ఆవిడ పిలవదట. వదిలేసి వచ్చినవాళ్ళే పిలవాలంది. మోకాళ్ళ నెపం పెట్టకు, కారు పంపిస్తాను. అతను పలికితే నీకు వినబడదని బెంగపడకు. నీ పక్కనే నిలబడతాను. వినబడితే నీ చెయ్యి నొక్కుతాను.

ఎదురుచూస్తూ,
అమ్మలు