దుర్గాబాయి పదమూడు చుక్కలు

అమ్మకు, మేడ్చల్‌లో అందరం కులాసా.

పక్కింటి దుర్గాబాయి పోయింది. మైల తీరిన రోజు ఆమె కూతురు తేజస్వి వచ్చి, "మా అమ్మ ముగ్గు మీ బుక్కుల ఉన్నదట గదా ఆంటీ, ఇయ్యాల వాకిట్ల ఏస్త" అంది. వాకిళ్లలో చూసి గీసుకునే నా పుస్తకం రెండు వందల ముగ్గులు దాటింది కదా, వెతికి తీశాను. "పదమూడు చుక్కలు, తామరలు" అని మాత్రమే ఉంది. పై వరుస సందుల్లో పెట్టే సందు చుక్కో, చుక్క కింద చుక్క పెట్టే సరి చుక్కో రాసుకోలేదు. సిగ్గేసింది. రెండు రకాలూ పెట్టి చూశాం. సందు చుక్కల్లో తామరలు కలిశాయి. "గిదే ఆంటీ, అమ్మదే" అంటూ ఆ పిల్ల మెట్టు మీద కూలబడింది.

నాన్న మోకాలు తగ్గిందా? పుస్తకమంతా తిరగేస్తే అందరి వాకిళ్లూ ఉన్నాయి, నీది లేదమ్మా. రోజూ చూసేదే కదా అనుకున్నాను. జవాబు కార్డు మీద గీసి పంపు. సందు చుక్కో, సరి చుక్కో రాయడం మరిచిపోకు.

నీ లలిత