కనుమరుగైన తాళాల వీధి

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామని కూర్చుంటే, అసలు ఉన్నామా లేమా అన్న దగ్గరే పేచీ వచ్చింది.

నువ్వు రాసిన ‘రాజధాని దర్శిని’ని పక్క కొట్టు బైండింగు ఆయన తెచ్చిచ్చాడు. కోట గురించీ, కచేరీల పేట గురించీ, ఏటి ఒడ్డు మిల్లుల గురించీ బాగా రాశావు. ఈ మహానగరం మూడుసార్లు తగలబడిందనీ, మూడుసార్లూ ముందు కచేరీలు కట్టి ఆ తర్వాతే ఇళ్ళు కట్టారనీ చదివి నవ్వుకున్నాను. బుద్ధి అప్పటినుంచీ అదేనన్నమాట. పేజీ తిప్పితే మన తాళాల వీధి వచ్చింది. “ఒకప్పుడు ఇక్కడ ఇనుము అరగదీసే ఆకురాళ్ళ చప్పుడుతో తెల్లవారేది. ఆ వీధి కనుమరుగైంది” అట.

కనుమరుగేమిట్రా? మన కొట్లోనే కూర్చుని, ఎవరిదో బీరువా తాళం విప్పి ఒళ్ళో పెట్టుకుని ఇది చదివాను. కచేరీల పేటకి మారాక నువ్వు వంతెన దాటి ఇటు వచ్చిందే లేదు. రాసేముందు ఒక్కసారి వచ్చి చూసుకోవచ్చుగా?

ఇట్లు,
లేని వీధిలో ఉన్న అక్క

తా.క.: “ఆ మనుషులు పోయినా వారి మంచితనం మిగిలింది” అని రాశావు. మంచితనం సంగతి తెలీదుగానీ ఎదురింటి ఆవిడ నోరు మాత్రం మిగిలే ఉంది. ఆ వాక్యం చదివి వినిపించాను. ఆవిడ అన్నది ఉత్తరంలో రాయడం కుదరదు.

*

అక్కకి నమస్కారాలు.

కోప్పడకు. మా ఆఫీసు పద్ధతి నీకు తెలీదు. ఉన్న పేట గురించి రాయాలంటే మునిసిపాలిటీ తనిఖీ జరగాలి, పటం రావాలి, ముగ్గురు అధికారులు సంతకం పెట్టాలి. ఈలోగా ప్రెస్సువాళ్ళు పీకల మీద కూర్చుంటారు. పోయిన పేటకైతే ఎవరి సంతకమూ అక్కర్లేదు. లేనిదాన్ని తనిఖీ చేసేదెవరు? అందుకని మీ వీధిని పోయినవాటిలో వేసేశాను.

పైగా ఆ పేజీ చదివి మా డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. నాకు ప్రమోషన్ మాట కూడా కదిలింది. పుస్తకంలో పోయిందని రాసినంత మాత్రాన వీధి ఎక్కడికి పోతుంది చెప్పు?

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: అందులో ‘చీకటి కొట్లో కూర్చున్న ముసలి తల్లి’వి నువ్వే. అక్క అని రాస్తే ఎవరికీ ఏడుపు రావడంలేదు.

*

గొప్ప రచయితగారికి,

అక్క రాయునది. వీధి ఎక్కడికి పోతుందని అడిగావుగా, పోవడం మొదలుపెట్టింది. చెత్తబండి మానేశారు. అడిగితే మునిసిపాలిటీ గుమాస్తా నీ పుస్తకం తెరిచి చూపించాడు. “లేని వీధికి బండెలా పంపుతామండీ? మీరే చెప్పండి” అన్నాడు. మర్యాదస్తుడే పాపం. వీధి దీపం మాడిపోతే కొత్తది వేయలేదు.

బస్సుల్లో జనం మాత్రం దిగుతున్నారు. గుమ్మాల ముందు నిలబడి అయ్యో అయ్యో అంటున్నారు. ఒకాయన కొట్లోకి తొంగిచూసి, “ఇక్కడో ముసలామె తాళాలు బాగుచేసేదట” అన్నాడు. నేనేనండీ అన్నాను. “చచ్చినవాళ్ళతో వేళాకోళమేంటమ్మా?” అని కసిరి వెళ్ళిపోయాడు.

నవ్వొచ్చేలా రాస్తున్నానుగానీ నాకు భయంగా ఉందిరా. వీధిలో మనుషులం లేమని తీర్మానించుకున్నాక కొట్టు మాత్రం ఉండనిస్తారా? నాకు చేతనైన పని ఇదొక్కటే. ఇది పోతే నేనెక్కడ కూర్చోను? నీ పెద్దలతో చెప్పి వెంటనే దిద్దించు.

ఇట్లు,
అక్క

తా.క.: ‘మీ వీధి’ అన్నావు. నా పనిముట్ల పెట్టె మీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవాడు ఎవరో మరి.

*

అక్కకి,

నమస్కారాలతో శుభవార్త! నీ ఉత్తరం డైరెక్టరుగారికి చూపించాను. “దిద్దితే పుస్తకం తప్పని ఒప్పుకున్నట్టే కదయ్యా?” అన్నారు. అదీ నిజమే. అప్పుడు ఆయనకే మహత్తరమైన ఆలోచన వచ్చింది. పుస్తకాన్ని దిద్దరు, కనుమరుగైన వీధినే మళ్ళీ కడతారు! పై నుంచి మంజూరు కూడా అయిపోయింది.

కాకపోతే ఒక చిన్న చిక్కు. మళ్ళీ కట్టాలంటే ముందు అది లేకుండా ఉండాలిగా. ఇప్పుడున్నదాన్ని తీసేస్తారు. మీ అందరికీ మిల్లుల వెనక గదులిస్తారు. పనంతా అయ్యాక నీ కొట్టు నీకే. పూచీ నాది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: మీ కొట్లో తాళాలు చాలినంత పాతగా లేవట. కొత్తవి కొని తుప్పు పట్టిస్తున్నారు.

*

తమ్ముడికి,

మిల్లుల వెనక గది నుంచి అక్క. ఇక్కడ కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో గోడ. తెరవడం మానేశాను.

వీధి కట్టడం అయిపోయింది. గోడల మీద పగుళ్ళకి కూడా రంగులు వేశారు. నీ పూచీ మాట చెప్పి నా కొట్టు నాకిమ్మంటే ముగ్గురు పెద్దమనుషులు కూర్చోబెట్టి పరీక్ష చేశారు. పుస్తకంలో ముసలామెకీ నాకూ పోలిక లేదని తేల్చారు. ఆవిడ చిక్కిపోయి ఉంటుందట, నోరు విప్పదట, కళ్ళలో విషాదం ఉంటుందట. నేను లావుగా ఉన్నాను, పైగా వాళ్ళ తలుపు గొళ్ళెం తలకిందులుగా బిగించారని చెప్పాను.

అందుకని నా చోట నాటకాలామెని పెట్టారు. మనిషి మంచిదే. కాకపోతే ఆకురాయిని దువ్వెనలా పట్టుకుంటుంది. ఎలా పట్టుకోవాలో నేనే నేర్పుతున్నాను. నా కొట్లో, నా స్టూలు మీద కూర్చున్నదానికి! నాకు నీలం కోటు తొడిగి, జనాన్ని తాడు వెనక నిలబెట్టే పని ఇచ్చారు.

ప్రారంభోత్సవానికి నువ్వు వస్తావని విన్నాను. ఆ రోజు నన్ను పక్కన నిలబెట్టుకుని డైరెక్టరుతో ఒక్క మాట చెప్పు. “ఇది మా అక్క కొట్టు” అను చాలు. ఇంకేం అడగను.

ఇట్లు,
అక్క

తా.క.: ఎదురింటి ఆవిడ పుస్తకంలో లేదని ఏ పనీ ఇవ్వలేదు. కనీసం పోయినవాళ్ళలోనైనా తనని వేయమని బతిమాలుతోంది.

*

ప్రియమైన అక్కకి,

నమస్కారాలు. ఇంత పంతమా నీకు? ప్రారంభోత్సవానికి ఊరంతా వస్తే నువ్వు మాత్రం రాలేదు. జనంలో ఎంత వెతికానో!

ఆ కొట్లోకి అడుగుపెట్టగానే నాకు దుఃఖం ఆగలేదక్కా. ఆవిడ ఆకురాయి పట్టిన తీరు అచ్చం నీదే. చెయ్యి పట్టుకుని “అక్కా!” అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. పేపర్లలో పడిన ఫోటో పంపుతున్నాను. నాకు ప్రమోషన్ ఖాయమైంది. నువ్వు ఎదురుగా లేకపోయావుగానీ, ఉంటే డైరెక్టరుగారితో నీ మాట చెప్పేవాణ్ణే.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: ఫోటోలో నేను కాస్త లావుగా పడ్డాను. పట్టించుకోకు.

*

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నాకు పంతమేమీ లేదు. వచ్చాను. తాడు దగ్గర నీలం కోటులో పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాను.

నువ్వు నా దగ్గరికే వచ్చావు. మొహంలోకి చూశావు కూడా. చెవుల పక్కన జుట్టు నెరిసిపోయిందేమిట్రా అనబోయి, నలుగురిలో నీకు నామోషీ అనుకుని, నువ్వే పలకరిస్తావని ఆగాను. పలకరించావు. “కాస్త పక్కకి జరగమ్మా, ఫోటోలో పడుతున్నావు” అన్నావు.

జరిగాను. కొట్టు కూలగొట్టిననాడు నాకు ఏడుపు రాలేదు. అప్పుడొచ్చింది.

నువ్వు పంపిన ఫోటో చూశాను. బాగానే జరిగినట్టున్నాను, ఎక్కడా పడలేదు.

ఇట్లు,
అక్క

తా.క.: ఆ పుస్తకంలో నువ్వు రాసింది అబద్ధమని ఇన్నాళ్ళూ నీతో పోట్లాడాను. ఇంక దిద్దించే శ్రమ పెట్టుకోకు. ఇప్పుడు అంతా సరిగ్గానే ఉంది.